విద్యుత్ కారు - బొగ్గు కరెంటు : ఒక పరిశీలన

"పొగ లేని బండ్లు వచ్చినవి, ఇక గాలికి ఢోకా లేదు" అని కొందరు అంటున్నారు. "పొగ ఎక్కడికీ పోలేదు, కారు గొట్టంలో నుండి భూపాలపల్లి చిమ్నీలోకి మారింది, అంతే గదా" అని మరికొందరు అంటున్నారు. ఈ రెండు వాదాలూ ఇప్పుడు హాస్టల్ గదుల్లోనే కాదు, బస్టాండ్ల కాడ, పెండ్లి పందిళ్ళ కాడ కూడా వినవస్తున్నవి. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నది. ఆ 'కొంత' ఎంత అన్నదే అసలు ప్రశ్న. మనం విద్యార్థులం గనుక ఇష్టాయిష్టాలు పక్కన పెట్టి, కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క కట్టి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల వారికి ఇది పరాయి ప్రశ్న కాదు. విద్యుత్ కార్లు ఎక్కువగా తిరిగేది హైదరాబాదు రోడ్ల మీద. వాటికి కావలసిన బొగ్గు తవ్వేది మన దగ్గర, దానిని మండించేది మన దగ్గర, బూడిద మిగిలేది కూడా మన దగ్గరే. పట్నంలో తగ్గిన పొగకు బదులు మన దగ్గర ఎంత పొగ పెరుగుతున్నదో తెలుసుకొనే హక్కు మనకున్నది. అంతే కాదు, నెల్లికుదురు వంటి చోట ఒక టీచరో, ఒక ఆటో డ్రైవరో అప్పు చేసి బండి కొనబోయే ముందు, ఆ బండి నిజంగా ఏం చేస్తుందో తెలియడం అవసరం.

1. లెక్క ఎక్కడ మొదలు పెట్టాలి?

వరి పండించిన రైతు లాభం లెక్క కట్టేటప్పుడు మార్కెట్‌లో చేతికొచ్చిన డబ్బు ఒక్కటే చూడడు. దుక్కి, నారు, ఎరువు, నాట్ల కూలి, కోత మిషను కిరాయి, బస్తాల రవాణా అన్నీ తీసేస్తే మిగిలిందే లాభం. బండి లెక్క కూడా అట్లాగే కట్టాలి. రోడ్డు మీద పోయేటప్పుడు గొట్టంలో నుండి పొగ వస్తున్నదా, లేదా అని మాత్రమే చూస్తే అది సగం లెక్క. ఇనుము, అల్యూమినియం, ప్లాస్టిక్ తయారీ నుండి, బ్యాటరీలో వాడే లిథియం, నికెల్, గ్రాఫైట్ తవ్వకం నుండి మొదలుపెట్టి, బండి నడవటానికి కావలసిన ఇంధనం పుట్టుక, చివరకు బండి తుక్కుగా మారడం దాకా ఎంత బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, గాలిలో కలిసిందో కూడి చూడాలి. దీనినే శాస్త్రజ్ఞులు జీవితచక్ర లెక్క అంటారు.

పెట్రోలు కారుకు కూడా ఇదే న్యాయం. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో మాత్రమే గదా, అందులో నుండి రెండు కిలోలకు పైగా వాయువు ఎట్లా వస్తుందని అనుమానం రావచ్చు. పెట్రోలులోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది గనుక బరువు పెరుగుతుంది. దీనికి తోడు ముడిచమురు తోడటం, ఓడలలో తేవడం, శుద్ధి చేయడం, ట్యాంకర్లలో బంకు దాకా చేర్చడం, వీటన్నిటికీ అయ్యే ఖర్చు కలిపితే లీటరుకు దాదాపు 2.8 కిలోలు అవుతుంది. విద్యుత్ కారుకు పవర్ హౌస్ పొగ కలిపి, పెట్రోలు కారుకు రిఫైనరీ పొగ కలపకపోవడం న్యాయం కాదు.

2. బాయి మోటరు చెప్పే పాఠం

ఒకప్పుడు మన వైపు బాయిల మీద ఆయిల్ ఇంజన్లు ఉండేవి. తర్వాత కరెంటు మోటర్లు వచ్చినవి. ఇంజను నడుస్తుంటే దాని దగ్గర చేయి పెట్టలేము, అంత వేడి. మోటరు మాత్రం కొంచెం వెచ్చబడుతుంది, అంతే. ఈ ఒక్క తేడాలోనే శాస్త్రమంతా ఉన్నది. ఇంజనులో ఇంధనం ఇచ్చిన శక్తిలో అధిక భాగం వేడిగా పోతుంది. పెట్రోలు కారులో ఇంధన శక్తిలో చక్రాలకు చేరేది ఇరవై నుండి ఇరవై అయిదు పాళ్ళు మాత్రమే. విద్యుత్ మోటరు తనకు ఇచ్చిన శక్తిలో ఎనభై అయిదు పాళ్ళకు పైగా పనిగా మారుస్తుంది.

ఇంతవరకు చూస్తే విద్యుత్ కారుదే గెలుపు. కాని మోటరు దగ్గర కనపడని వేడి, థర్మల్ కేంద్రం దగ్గర కనపడుతుంది. బొగ్గులోని శక్తి నూరు పాళ్ళయితే, థర్మల్ కేంద్రంలో కరెంటుగా మారేది మూడో వంతు కన్న కొంచెం ఎక్కువ, అనగా సుమారు 36 పాళ్ళు. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయేది పోగా ఇంటి ప్లగ్గు దగ్గరకు 30 వరకు వస్తుంది. చార్జింగులో, బ్యాటరీలో, మోటరులో పోయేది తీసేస్తే చక్రాలకు 24 పాళ్ళు. అంటే ఎక్కడ మొదలుపెట్టామో తిరిగి అక్కడికే వచ్చాం! పైగా అంతే వేడి కోసం పెట్రోలు కన్న బొగ్గు సుమారు మూడో వంతు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది.

కాబట్టి ఒక విషయం మొదటనే స్పష్టంగా చెప్పుకోవాలి. కేవలం బొగ్గు కరెంటుతోనే నడిచే విద్యుత్ కారు, కర్బనం విషయంలో పెట్రోలు కారు కన్న మెరుగు కాదు. మోటరు గొప్పదనాన్ని బొగ్గు తినేస్తుంది. విద్యుత్ కారుకు ఉన్న లాభమంతా కరెంటులో బొగ్గు కాని భాగం ఎంత అన్న దాని మీదనే ఆధారపడి ఉన్నది.

3. మన కరెంటు ఎక్కడ పుడుతున్నది?

మన ప్రాంతానికీ బొగ్గుకూ సంబంధం పాతది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1920లో ఆ గనుల సంస్థకు సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. డోర్నకల్ జంక్షన్ నుండి ఇల్లెందుకు చీలిన రైలు మార్గం ఆ బొగ్గు కోసం వేసిందే. తర్వాత గోదావరి వెంట గనులు విస్తరించి భూపాలపల్లి దాకా వచ్చినవి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 2010లో 500 మెగావాట్లతో మొదలై, 2016లో మరో 600 మెగావాట్లు చేర్చుకున్నది. రామగుండంలో ఎన్.టి.పి.సి. కేంద్రం 2600 మెగావాట్లది. పాల్వంచ, మణుగూరు, జైపూర్ కేంద్రాలు సరేసరి. నల్లగొండ జిల్లా దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి కేంద్రంలోని యూనిట్లు 2024 చివరి నుండి ఒక్కొక్కటిగా పనిలోకి రాసాగినవి. ఇటువంటి కేంద్రం ఒకసారి కట్టితే పాతికేళ్ళకు పైగా నడుస్తుంది.

రెండో వైపు నాగార్జునసాగర్, శ్రీశైలం జలవిద్యుత్తు ఉన్నది. 2015 సౌర విధానం తర్వాత తెలంగాణలో సౌర విద్యుత్తు వేగంగా పెరిగింది. రామగుండంలో థర్మల్ కేంద్రం రిజర్వాయరు నీళ్ళ మీదనే 100 మెగావాట్ల తేలే సౌర పలకల కేంద్రం 2022లో పూర్తయింది. బొగ్గు కేంద్రం నీడలోనే సూర్యుని కరెంటు పుట్టడం చూడదగ్గ విశేషం.

అయితే నెల్లికుదురు సబ్‌స్టేషనుకు వచ్చే కరెంటు చెల్పూరుదా, శ్రీశైలానిదా అని విడదీసి చెప్పలేము. కాలువలో కలిసిన నీళ్ళ వంటిది అది. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్డు దేశమంతటి గ్రిడ్డులో కలిసిపోయింది. కనుక దేశం మొత్తం సగటు తీసుకోవడం సబబు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 0.72 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నది. తీగల నష్టాలు, బొగ్గు తవ్వకం, రవాణా కలిపితే ఇంటి ప్లగ్గు దగ్గర యూనిట్‌కు 0.9 కిలోలు అనుకోవచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం గురించి హెచ్చరించాలి. 2025లో దేశంలోని స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు వంటివి కాని వనరులదే అయిందని వార్త వచ్చింది. అది నిజమే. కాని సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సౌర పలక రాత్రి పని చేయదు, బొగ్గు కేంద్రం రాత్రింబవళ్ళు నడుస్తుంది. అందువల్ల అసలు పుట్టిన కరెంటులో ఇప్పటికీ బొగ్గు వాటా ఇంచుమించు ముప్పావు వంతు. ఎడ్లు ఎన్ని ఉన్నవన్నది కాదు, ఎన్ని గంటలు దున్నినవన్నది లెక్క.

4. బ్యాటరీ అప్పు

విద్యుత్ కారు షోరూములో నుండి బయటికి వచ్చేటప్పుడే ఒక అప్పు నెత్తిన పెట్టుకొని వస్తుంది. అది బ్యాంకు అప్పు కాదు, కర్బనం అప్పు. మిగతా కారు భాగాలు రెండు రకాల కార్లకూ దాదాపు ఒకటే అనుకుంటే, బ్యాటరీ తయారీలో వెలువడిన వాయువే ఈ అదనపు అప్పు.

ఈ అప్పు ఎంత? స్వీడన్‌లోని ఐ.వి.ఎల్. పరిశోధనా సంస్థ 2017లో ఒక కిలోవాట్-అవర్ బ్యాటరీకి 150 నుండి 200 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని చెప్పింది. ఆ అంకె ప్రపంచమంతా పాకింది. అదే సంస్థ 2019లో కొత్త కర్మాగారాల వివరాలతో మళ్ళీ లెక్క కట్టి 61 నుండి 106 కిలోలని సవరించింది. ఇప్పటికీ విద్యుత్ కార్లను వ్యతిరేకించే వారు పాత అంకెనే చెబుతుంటారు. మనం మధ్యస్థంగా 80 కిలోలు తీసుకుందాం. మన దేశంలో అమ్ముడయ్యే ఒక చిన్న విద్యుత్ కారుకు 30 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉంటే, దాని అప్పు 2400 కిలోలు. అంటే రెండున్నర టన్నులకు కొంచెం తక్కువ.

బ్యాటరీ ఏ కరెంటుతో తయారయిందన్నది కూడా ముఖ్యమే. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం బ్యాటరీల కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది. రేపు మన బ్యాటరీలు మన రాష్ట్రంలోనే తయారయినా, ఆ కర్మాగారానికి బొగ్గు కరెంటే ఇస్తే అప్పు తగ్గదు.

5. ఒక చేతి లెక్క

ఇప్పుడు రెండు కార్లను పక్క పక్కన నిలబెడదాం. నెల్లికుదురు నుండి మహబూబాబాద్‌కు రానుపోను, ఇతర తిరుగుళ్ళతో కలిపి రోజుకు 40 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు, అనగా 12,000 కిలోమీటర్లు అనుకుందాం.

పెట్రోలు కారు : లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తే, 2.8 ని 16 చేత భాగించగా కిలోమీటరుకు 175 గ్రాములు.

విద్యుత్ కారు : చార్జింగు నష్టంతో కలిపి కిలోమీటరుకు 0.15 యూనిట్ తాగితే, యూనిట్‌కు 0.9 కిలోల చొప్పున కిలోమీటరుకు 135 గ్రాములు.

తేడా కిలోమీటరుకు 40 గ్రాములు. బ్యాటరీ అప్పు 2400 కిలోలు తీరాలంటే 60,000 కిలోమీటర్లు నడవాలి. మన లెక్కన అయిదేళ్ళు. అప్పటిదాకా విద్యుత్ కారు వాతావరణానికి చేసిన మేలు సున్న. అయిదేళ్ళ తర్వాత నడిచే ప్రతి కిలోమీటరూ లాభమే. లక్షా యాభై వేల కిలోమీటర్లు నడిచి తుక్కుకు పోయేనాటికి అప్పు పోగా మూడున్నర టన్నులకు పైగా మిగులు. పెట్రోలు కారు జీవితకాలపు మొత్తంలో ఇది పదో వంతు కన్న కొంచెం ఎక్కువ. అంటే లాభం ఉన్నది, కాని జబ్బలు చరచుకొనేంత లేదు.

కరెంటు మారితే ఈ లెక్క ఎట్లా మారుతుందో చూడండి. ప్లగ్గు దగ్గర యూనిట్‌కు 0.9 కిలోలు కాక 0.6 కిలోలే అయిందనుకుందాం. తేడా 85 గ్రాములకు పెరుగుతుంది. అప్పు సుమారు 28,000 కిలోమీటర్లకే తీరుతుంది, మిగులు పది టన్నులు దాటుతుంది. ఇంటి మీది సౌర పలకలతోనే చార్జి చేస్తే 15,000 కిలోమీటర్ల లోపే అప్పు తీరుతుంది. తిరగవేసి, మొత్తం బొగ్గు కరెంటే అయితే కిలోమీటరుకు 175 గ్రాములు దాటి, అప్పు ఎన్నటికీ తీరదు. బండి అదే, బ్యాటరీ అదే. మారింది కరెంటు ఒక్కటే.

6. పరిశోధకుల మాట

మన చేతి లెక్కను పెద్ద పరిశోధనలతో పోల్చి చూడటం మంచిది. స్వచ్ఛ రవాణాపై పరిశోధన చేసే అంతర్జాతీయ మండలి ఐ.సి.సి.టి. 2021లో నాలుగు ప్రాంతాలకు జీవితచక్ర లెక్కలు కట్టింది. మధ్యస్థ విద్యుత్ కారు పెట్రోలు కారు కన్న యూరప్‌లో 66 నుండి 69 శాతం, అమెరికాలో 60 నుండి 68 శాతం, చైనాలో 37 నుండి 45 శాతం, భారతదేశంలో 19 నుండి 34 శాతం తక్కువ వాయువు వెలువరిస్తుందని తేల్చింది. నాలుగు చోట్లా తగ్గుదల ఉన్నది. అందరి కన్న తక్కువ తగ్గుదల మనది. కారణం చెప్పనవసరం లేదు, మన బొగ్గే.

మన చేతి లెక్క కన్న వారి అంకె ఎందుకు ఎక్కువగా ఉన్నది? మనం నేటి కరెంటే కారు నడిచినంత కాలమూ ఉంటుందని అనుకున్నాం. వారు కారు జీవితకాలంలో ఏటేటా సౌర, పవన విద్యుత్తు పెరుగుతుందని లెక్క వేశారు. ఇక్కడే విద్యుత్ కారుకున్న ఒక ప్రత్యేకత గమనించాలి. పెట్రోలు కారు పాతబడిన కొద్దీ పొగ పెరుగుతుందే గాని తగ్గదు. విద్యుత్ కారు మాత్రం, దేశంలో కరెంటు శుభ్రపడితే, తాను ఏమీ మారకుండానే శుభ్రపడుతుంది. కాని ఇది వాగ్దానమే తప్ప జరిగిపోయిన పని కాదు. వాగ్దానం నిలబెట్టవలసింది కారు కంపెనీ కాదు, విద్యుత్ విధానం.

7. ఏ బండి ముందు మారాలి?

పై లెక్కలో నుండి ఒక సూత్రం తేలుతున్నది. బ్యాటరీ అప్పు నిలబడితే తీరదు, నడిస్తేనే తీరుతుంది. కనుక తక్కువ బ్యాటరీతో ఎక్కువ దూరం నడిచే బండే ముందు మారాలి.

ఆటోను తీసుకోండి. డీజిలు లీటరుకు మొత్తం 3.25 కిలోలు, ఆటో 25 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 130 గ్రాములు. విద్యుత్ ఆటో కిలోమీటరుకు 0.08 యూనిట్ తాగితే 72 గ్రాములు. బ్యాటరీ 8 కిలోవాట్-అవర్లు, అప్పు 640 కిలోలు. అది 11,000 కిలోమీటర్లకు తీరుతుంది. రోజుకు 100 కిలోమీటర్లు తిరిగే ఆటోకు ఇది నాలుగు నెలల పని! అదే కారుకు అయిదేళ్ళు పట్టిందని మరువరాదు.

స్కూటరు లెక్క కూడా బాగానే ఉన్నది. పెట్రోలు స్కూటరు కిలోమీటరుకు 56 గ్రాములైతే, విద్యుత్ స్కూటరు సుమారు 30 గ్రాములు. మూడు కిలోవాట్-అవర్ల బ్యాటరీ అప్పు 240 కిలోలు తొమ్మిది వేల పైచిలుకు కిలోమీటర్లకు తీరిపోతుంది. మన దేశంలోని వాహనాలలో ముప్పావు వంతు ద్విచక్ర వాహనాలే గనుక ఇది చిన్న విషయం కాదు.

ఇక పెద్ద విద్యుత్ కార్ల సంగతి. 80 కిలోవాట్-అవర్ల బ్యాటరీ ఉన్న భారీ కారు అప్పు 6400 కిలోలు. అది కిలోమీటరుకు 0.2 యూనిట్ తాగితే నేటి కరెంటుతో 180 గ్రాములు. అంటే మనం మొదట చూసిన చిన్న పెట్రోలు కారు కన్న కూడా ఎక్కువే! విద్యుత్ కారు అన్న పేరొక్కటే పుణ్యం తెచ్చిపెట్టదు. అదే విధంగా ఏడాదికి 5,000 కిలోమీటర్లు కూడా తిరగకుండా పెండ్లిళ్ళకు, పండుగలకు మాత్రమే బయటికి తీసే చిన్న విద్యుత్ కారుకు అప్పు తీరడానికి పన్నెండేళ్ళు పడుతుంది. కంపెనీలు బ్యాటరీకి మామూలుగా ఇచ్చే గ్యారంటీ ఎనిమిదేళ్ళు.

బస్సు విషయం కొంచెం వేరు. పెద్ద డీజిలు ఇంజను కారు ఇంజను కన్న పొదుపైనది. విద్యుత్ బస్సు కిలోమీటరుకు ఒక యూనిట్ వరకు తాగుతుంది. కనుక నేటి కరెంటుతో డీజిలు బస్సును విద్యుత్ బస్సుగా మార్చినందువల్ల కర్బనం లెక్కలో చెప్పుకోదగ్గ లాభం రాదు. పట్టణంలో పొగ, రొద తగ్గడమే తక్షణ లాభం, కరెంటు శుభ్రపడిన కొద్దీ మిగతా లాభం. హైదరాబాదులో ఆర్టీసీ 2019లో విమానాశ్రయ మార్గంలో 40 విద్యుత్ బస్సులతో మొదలు పెట్టింది. కాని బస్సు అసలు బలం ఇంజనులో లేదు, సీట్లలో ఉన్నది. లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇచ్చే డీజిలు పల్లెవెలుగు బస్సులో నలభై మంది ఎక్కితే మనిషికి కిలోమీటరుకు 16 గ్రాములు. ఒక్కడే కూర్చొని పోయే విద్యుత్ కారుకు 135 గ్రాములు. కొత్త కారు కన్న పాత బస్సే నయమని దీని తాత్పర్యం.

ఇంకొక మాట. బ్యాటరీ అప్పే లేని విద్యుత్ వాహనం మన కళ్ళ ముందు దశాబ్దాలుగా నడుస్తున్నది. కేసముద్రం, మహబూబాబాద్ మీదుగా పోయే రైలే అది. పైనున్న తీగ నుండి నేరుగా కరెంటు తీసుకొని వేల మందిని మోస్తున్నది. విద్యుత్ రవాణా అంటే కారు ఒక్కటే అనుకోవడం సరికాదు.

8. బండి ఒక చోట, పొగ ఒక చోట

కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ వెలువడినా భూగోళానికి ఒకటే. చెల్పూరు చిమ్నీ అయినా, హైదరాబాదు రోడ్డు అయినా తేడా లేదు. కాని బూడిద, గంధకపు వాయువు, దుమ్ము అట్లా కాదు. అవి పుట్టిన చోటి వారికే ఎక్కువ. మన లెక్కలోని విద్యుత్ కారు నూరు కిలోమీటర్లు పోవడానికి ప్లగ్గు దగ్గర 15 యూనిట్లు, పవర్ హౌస్ దగ్గర సుమారు 18 యూనిట్లు కావాలి. అదంతా బొగ్గు నుండే వస్తే పన్నెండు కిలోల పైచిలుకు బొగ్గు మండాలి. అనగా నూరు కిలోమీటర్లకు ఒక గంపెడు బొగ్గు. మన దేశపు బొగ్గులో బూడిద పాలు కూడా ఎక్కువే.

థర్మల్ కేంద్రాలు గంధకపు వాయువును తగ్గించే యంత్రాలు పెట్టాలని 2015లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. గడువులు పొడిగిస్తూ వచ్చి, 2025 జూలైలో పెద్ద పట్టణాలకు దూరంగా ఉన్న అధిక భాగం కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది. పట్నం వారి ఊపిరితిత్తులకు ఉన్న విలువ బొగ్గుబాయి ఊళ్ళ వారి ఊపిరితిత్తులకు కూడా ఉండాలి గదా! విద్యుత్ కారుకు ఇచ్చే రాయితీ లెక్కలో ఈ ఊళ్ళ వాటా కూడా కలపాలని అడగటం అభివృద్ధికి అడ్డుపడటం కాదు.

9. ముగింపు

విద్యుత్ కారు జీవితచక్రంలో కర్బనాన్ని తగ్గిస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఇది : తగ్గిస్తుంది. కాని మన కరెంటుతో కొద్దిగానే తగ్గిస్తుంది. అది చిన్నదై, బాగా నడిచి, పగటి వేళ చార్జి అయితేనే ఆ కొద్దీ దక్కుతుంది.

దీని నుండి చేయవలసిన పనులు కూడా తేలికగానే తెలుస్తున్నవి.

మొదటిది, చార్జింగు వేళ. సాయంత్రం ఇంటికొచ్చి ప్లగ్గు పెడితే ఎక్కువగా బొగ్గు కరెంటే వస్తుంది. మధ్యాహ్నం పెడితే అందులో సూర్యుని వాటా ఉంటుంది. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన నిబంధనలు సౌర వేళల్లో ధర తక్కువ ఉండాలని చెప్పినవి. ఆటోలు మధ్యాహ్నం విశ్రాంతి తీసుకొనే అడ్డాల కాడ, ఆఫీసుల కాడ, మన కాలేజీ సైకిల్ స్టాండు కాడ చార్జింగు ప్లగ్గులు ఉండటం పెట్రోలు బంకుల కాడ ఉండటం కన్న ముఖ్యం.

రెండవది, రాయితీల తీరు. తెలంగాణ ప్రభుత్వం 2020లో విద్యుత్ వాహన విధానం ప్రకటించింది. 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుములను 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మినహాయించింది. ఆటోకు, స్కూటరుకు ఇచ్చే మినహాయింపు అర్థవంతమైనది. లక్షలు పోసి కొనే భారీ కారుకు కూడా అదే మినహాయింపు ఇవ్వడం వల్ల గాలికి ఒరిగేదేమిటో పై లెక్కలే చెబుతున్నవి. ఆ సొమ్ముతో పల్లెలకు నాలుగు బస్సులు ఎక్కువ తిప్పితే మేలు.

మూడవది, బ్యాటరీ ముసలితనం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీని తిరిగి తీసుకొనే బాధ్యత తయారీదారులదే. కారుకు పనికిరాని బ్యాటరీ ఇంటి సౌర కరెంటు దాచుకోవడానికి ఇంకా కొన్నేళ్ళు పనికొస్తుంది. అట్లా వాడితే అప్పు మరింత పలచబడుతుంది.

నాల్గవది, అన్నిటికన్న పెద్దది, కరెంటు. కారు మార్చడం కొనేవాని చేతిలో ఉన్నది. కరెంటు మార్చడం మనందరి చేతిలో, అంటే ఓటు చేతిలో ఉన్నది. సింగరేణి మీద ఆధారపడి బతికే వేల కుటుంబాలకు మరో బతుకుదెరువు చూపకుండా బొగ్గు వద్దనడం న్యాయం కాదు. చూపించే ప్రయత్నమే చేయకుండా ఇంకా పాతికేళ్ళు బొగ్గునే నమ్ముకోవడం కూడా న్యాయం కాదు. ఈ రెండింటి నడుమ దారి వెతకవలసిన వాళ్ళలో ఇంజనీరింగు, సైన్సు, అర్థశాస్త్రం చదువుతున్న మన తరమే ముందుండాలి.

మిత్రులారా, ఎవరైనా "విద్యుత్ కారు మంచిదా, చెడ్డదా?" అని అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పకండి. ఎంత బ్యాటరీ, ఎంత దూరం, ఏ కరెంటు అని మూడు ప్రశ్నలు తిరిగి అడగండి. ఆ మూడింటికి జవాబు దొరికితే, మిగతా లెక్క పదో తరగతి పిల్లవాడు కూడా చేసి పెట్టగలడు.